ఉండిపోతానంటే ఒప్పుకోకండి!

మా ఇల్లు శంషాబాదులో ఉంది. ఈ ఒక్క ముక్క చాలు, మా చుట్టాలందరికీ మేమంటే ఎందుకంత అభిమానమో మీకు అర్థమైపోవడానికి. విమానం తెల్లవారుజామున మూడున్నరకి ఉంటే, ఎల్బీనగర్ నుంచో కూకట్‌పల్లి నుంచో అర్ధరాత్రి పూట పెట్టెలేసుకుని ఎవరు బయల్దేరతారు చెప్పండి? సాయంత్రమే మా ఇంట్లో దిగుతారు. భోంచేసి కాస్సేపు నడుం వాలుస్తారు. పన్నెండు గంటలకి లేచి కాఫీ తాగి వెళ్ళిపోతారు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇటు మారాయి. అంతవరకూ బెంగుళూరు రోడ్డు మీద మా ఊరు ఏ పక్కనుందో తెలియనివాళ్ళకి కూడా ఆ తర్వాత మా గుమ్మం కంఠతా వచ్చేసింది.

మా ఇంట్లో బియ్యం నిండుకున్నా గండం గడుస్తుంది గానీ, పెట్టెలు తూచే కాటా లేకపోతే క్షణం గడవదు. పెట్టె 23 కిలోలు దాటితే ఏం తీసెయ్యాలన్న పంచాయితీ మా హాల్లోనే జరుగుతుంది. కుక్కరు తీసెయ్యమని తల్లి, గోంగూర పచ్చడి తీసెయ్యమని కొడుకు. చివరికి ఏది తీసినా అది మా వంటింట్లోనే మిగిలిపోతుంది లెండి. నా దగ్గర ఇప్పుడు మూడు కుక్కర్లున్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వీడ్కోళ్ళ విషయంలో నాకు కాస్త అనుభవం ఉందని మనవి చేసుకోవడానికి. కొడుకుని పంపేటప్పుడు తల్లి మొహం ఎలా ఉంటుందో, కూతుర్ని పంపేటప్పుడు ఎలా ఉంటుందో పక్కన నిలబడి చూసినదాన్ని. అంచేత ఒక పిల్లల సినిమా గురించి మా వదినతో పోట్లాట వచ్చినప్పుడు నోరు మూసుకుని ఊరుకోలేకపోయాను.

మొన్న శనివారం సంగతి. మా వదిన, అంటే మా వారి అక్కయ్య, వాళ్ళ రెండో అబ్బాయిని సాగనంపడానికి వచ్చింది. సెలవు మీద వచ్చి మళ్ళీ డాలస్ వెళ్ళిపోతున్నాడు. కూడా పెద్దబ్బాయి కూతురు, ఏడేళ్ళ పిల్ల. బాబాయిని విమానం ఎక్కించేదాకా నిద్రపోనని మొండికేసింది. సరేనని టీవీలో 'రాల్ఫ్ బ్రేక్స్ ది ఇంటర్నెట్' పెట్టాను. 2018 నవంబరులో వచ్చిన డిస్నీవాళ్ళ బొమ్మల సినిమా. అప్పుడు మా అమ్మాయితో కలిసి హాల్లో చూశాను గానీ, ఏం చూశానో ఇప్పుడు తెలిసింది.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఒక వీడియో గేముల కొట్టు. కొట్టు కట్టేశాక ఆ ఆటల్లోని బొమ్మలన్నీ మనలాగే తిరుగుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉంటాయి. అందులో రాల్ఫ్ అని కొండంత మనిషి. తన ఆటలో మేడలు విరగ్గొట్టడం అతని ఉద్యోగం. మనసు మాత్రం వెన్న. పంచదార, మిఠాయిలతో కట్టిన ఇంకో ఆటలో కార్లు తోలే గడుగ్గాయి వనెలపీ. ఇద్దరూ ఆరేళ్ళుగా ప్రాణస్నేహితులు. రాల్ఫ్‌కి ఆ పిల్ల తప్ప వేరే లోకం లేదు. ఆ పిల్లకి మాత్రం రోజూ అవే రోడ్లు, అవే మలుపులు, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోవడం విసుగ్గా ఉంది. ఒకరోజు ఆమె ఆటకి ఉన్న స్టీరింగు విరిగిపోతుంది. కొత్తది కొనకపోతే కొట్టువాడు ఆ ఆటనే పీకేస్తాడు. అది దొరికేది ఇంటర్నెట్‌లోనే. అంచేత ఇద్దరూ వైరు దారిన ఇంటర్నెట్ లోపలికే ప్రయాణమవుతారు. అదొక మహానగరం. వేలంపాటలో ఎక్కువ చెబితే వస్తువు మనదవుతుందనుకుని, డబ్బు కట్టాలన్న సంగతి తెలియక, ఆ స్టీరింగుని 27,001 డాలర్లకి పాడేస్తారు. ఆ డబ్బు సంపాదించడానికి పడే అవస్థలన్నీ నవ్వు తెప్పిస్తాయి.

అసలు కథ అక్కడ కాదు. డబ్బు వేటలో వనెలపీ ఇంకో కార్ల పందెం ఆట చూస్తుంది. మొరటు ఆట. పొగలు, మంటలు, ఏ మలుపులో ఏముంటుందో తెలియదు. అక్కడ షాంక్ అని ఒక డ్రైవరమ్మ ఉంటుంది, దర్జా అంటే ఆవిడదే. ఆ ఆటని చూడగానే పిల్ల ప్రాణం లేచొస్తుంది. ఇక్కడే ఉండిపోవాలని ఉందని షాంక్‌తో చెప్పుకుంటుంది. ఆ మాట రాల్ఫ్ చెవిన పడుతుంది. వెంటనే ఎవరినో పట్టుకుని ఒక వైరస్ సంపాదించి ఆ ఆటలో వదిలేస్తాడు. ఆట కాస్త చప్పబడితే పిల్లకి విసుగెత్తి తనతో ఇంటికొచ్చేస్తుందని అతని ఆశ. అది కాస్తా ఆటనే కూల్చేసి, పిల్ల ప్రాణం మీదికి తెస్తుంది. రక్షించేదీ రాల్ఫే అనుకోండి. కానీ చేసిందెవరో తెలిశాక ఆ పిల్ల మొహం తిప్పేసుకుంటుంది. వైరస్ అక్కడితో ఆగదు. రాల్ఫ్ మనసులోని బెంగనే నకలు తీసి, వేలకొద్దీ రాల్ఫులని పుట్టిస్తుంది. అందరిదీ ఒకటే పాట, ఆ పిల్ల కావాలి, ఆ పిల్ల నాదే! అన్నీ కలిసి ఒక భూతమై నగరాన్ని నాశనం చేస్తూ ఆమె వెంటపడతాయి. చివరికి రాల్ఫ్ తన భూతానికి తానే బుద్ధి చెప్పుకుని, పిల్లని వెళ్ళనిస్తాడు. ఆమె కొత్త ఆటలో ఉండిపోతుంది. అతను ఒక్కడూ కొట్టుకి తిరిగొస్తాడు. దూరం నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. అంతే, సినిమా అయిపోతుంది.

మా ఏడేళ్ళ పిల్ల బావురుమంది. "ఎందుకు రాలేదు? ఇంటికి ఎందుకు రాలేదు?" అని ఒకటే ఏడుపు. మా వదిన దాన్ని ఒళ్ళోకి లాక్కుని తీర్పు చెప్పేసింది.

"ఇదేం సినిమా? పిల్లల సినిమా అంటే చివరికి అందరూ ఒకచోట చేరాలి. వాడు దానికోసం ప్రాణం పెడితే, అది వాణ్ణి ఒంటరివాణ్ణి చేసి పోయింది. ఎంత కృతఘ్నురాలు!"

ఆ 'కృతఘ్నురాలు' అనేటప్పుడు ఆవిడ చూపు ఒక్క క్షణం గోడ మీద మా అమ్మాయి ఫొటో మీద వాలి వచ్చింది. మా అమ్మాయి పోయిన సెప్టెంబరులో పై చదువుకి జర్మనీ వెళ్ళింది. పెళ్ళి కాకుండా. ఒక్కతే. ఆ సంగతి మా చుట్టాలింకా పూర్తిగా జీర్ణించుకోలేదు.

ఇక్కడో చమత్కారం చూడండి. ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు పక్కగదిలో ఆవిడ సొంత కొడుకు డాలస్ టికెట్టు తలకింద పెట్టుకుని పడుకునున్నాడు. వాణ్ణి ఎవరూ కృతఘ్నుడనలేదు. నేనడగలేదు గానీ, పిల్ల అడిగేసింది. "బాబాయి కూడా వెళ్ళిపోతున్నాడు కదా నానమ్మా, మరి బాబాయిని తిట్టవేం?"

"వాడు మగపిల్లాడే!" అంది మా వదిన.

అదీ సంగతి! సినిమాలో తప్పు ఎక్కడుందో ఆ మూడు ముక్కల్లో తేలిపోయింది. వెళ్ళడం తప్పు కాదు. ఆడపిల్ల, తనకిష్టమని, తన కాళ్ళ మీద తాను వెళ్ళడం తప్పు.

మనకి ఆడపిల్లని పంపడం చేతకాదా అంటే, మన కంటే బాగా ఎవరికి చేతనవును? దానికోసం అప్పగింతలనే ఒక ముచ్చటే పెట్టుకున్నాం. పాలల్లో చేతులు ముంచి, మెట్టినింటివాళ్ళ చేతుల్లో పెట్టి, సన్నాయి శోకంగా వాయిస్తుంటే హాలంతా ఏడ్చి మరీ పంపిస్తాం. ఊరు, ఇంటిపేరు, వంట రుచి అన్నీ మార్చుకొమ్మంటాం. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తూ ఏడిస్తే 'బంగారుతల్లి' అంటాం. అమెరికా అయితే ఏం, అంటార్కిటికా అయితే ఏం, పక్కన పెళ్ళికొడుకుంటే దూరం మనకి దూరమే కాదు. అదే పిల్ల పక్కన ఎవరూ లేకుండా, మెడలో తాళి బదులు వీపున సంచీ తగిలించుకుని బయల్దేరితే మాత్రం, 'కన్నవాళ్ళని వదిలేసి పోయింది' అనే మాట పుడుతుంది. మా ఊరికి సినిమాలు కొత్త కాదు. దగ్గర్లోనే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. మన సినిమావాళ్ళు షూటింగులకి వచ్చి వాలే చోటు. తాళి కట్టగానే శుభం కార్డు పడటానికి అలవాటుపడ్డ కళ్ళు మనవి. పిల్ల తనకి నచ్చిన పనిలో చేరగానే శుభం కార్డు పడితే, సినిమా మధ్యలో ఆగిపోయిందనుకుంటాం.

మా గొడవకి మెలకువొచ్చి వదిన కొడుకు బయటికొచ్చాడు. ఇంజనీరు కదా, వాడి అభ్యంతరం కాస్త చదువుకున్న అభ్యంతరం.

"అది కాదత్తయ్యా, 2012లో వచ్చిన మొదటి భాగం గుర్తుందా? అందులో టర్బో అనేవాడు తన ఆట వదిలేసి ఇంకో ఆటలోకి దూకుతాడు. రెండు ఆటలూ పాడైపోతాయి. సొంత ఆటని వదిలెయ్యడం మహాపాపమని సినిమా అంతా చెప్పి, రెండో భాగంలో ఈ పిల్ల అదే పని చేస్తే చప్పట్లు కొట్టమంటే ఎలా?"

ఈ మాట చాలామంది అంటారుట. వినడానికి న్యాయంగానే ఉంది. అంచేత జవాబు నిదానంగా చెబుతాను.

టర్బో ఎందుకు వెళ్ళాడు? కొత్త ఆట వచ్చి పిల్లలంతా అటు మూగేసరికి ఓర్చుకోలేక వెళ్ళాడు. తనకిక చప్పట్లు రావని ఇంకొకరి చప్పట్లు లాక్కోడానికి వెళ్ళాడు. ఎవరూ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత ఇంకో ఆటలో దూరి, దొంగ రాజై కూచుని, వనెలపీకి ఊరూ పేరూ లేకుండా చేసిందీ వాడే. వనెలపీ ఎవరి చోటూ లాక్కోలేదు. అక్కడివాళ్ళు రమ్మని చోటిస్తే వెళ్ళింది. టర్బో పాపం వెళ్ళడంలో లేదు. తన సుఖం కోసం ఇంకొకరి ఆట చెడగొట్టడంలో ఉంది. ఆ లెక్కన రెండో భాగంలో టర్బో ఎవరో ఆలోచించండి. ఎవరో ఆనందంగా ఆడుకుంటున్న ఆటలోకి వైరస్ తెచ్చి వదిలిందెవరు? సాక్షాత్తూ మన మంచి రాల్ఫే!

మావాడు నవ్వేసి, "అయితే అత్తయ్య అమ్మాయి పార్టీ అన్నమాట!" అని మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయాడు. అమెరికా వెళ్ళేవాళ్ళకి ఇలాంటి చర్చల్లో ఓడిపోయినా నష్టం లేదు.

ఈ సినిమాలో నన్ను పట్టి కుదిపేసిన చోటు చివరి వీడ్కోలు కాదు, దానికి కాస్త ముందుది. ఆ వేల రాల్ఫుల భూతం అసలు రాల్ఫ్‌ని గుప్పిట్లో పట్టుకుని నలిపేస్తూ ఉంటుంది. దాన్నుంచి అతన్ని కాపాడటానికి వనెలపీ ఏమంటుందో తెలుసా? 'సరే, నీతోనే ఉంటాను, నీకొక్కడికే స్నేహితురాల్నై ఉంటాను, అతన్ని వదిలెయ్' అంటుంది. తన ఆట, తన ఇష్టం అన్నీ వదులుకోడానికి ఒప్పేసుకుంటుంది.

ఈ 'సరే' ఎక్కడో విన్నట్టు లేదూ? నాకు మాత్రం వెయ్యిసార్లు విన్నట్టుంది. మా అమ్మ తరంలో విన్నాను. డిగ్రీ అయ్యాక ఢిల్లీలో చదువుతానని దరఖాస్తు తెచ్చుకున్న నా స్నేహితురాలు, నాన్నగారికి గుండెనొప్పని తెలిసి 'సరేలెండి, ఉండిపోతాను' అంటుంటే విన్నాను. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి, నా నవలల్లో నేనే రాశాను. కనీసం మూడు నవలల్లో నా కథానాయిక చివరి అధ్యాయంలో కళ్ళు తుడుచుకుని 'సరే' అంది. పాఠకులు ఉత్తరాలు రాశారు, 'ఎంత గొప్ప త్యాగమండీ' అని. నేనూ మురిసిపోయాను.

మన కథయితే అక్కడితో శుభం. పిల్ల త్యాగం చేస్తుంది, భూతం శాంతిస్తుంది, అందరూ ఇంటికెళ్ళి భోంచేస్తారు. కానీ ఈ సినిమాలో రాల్ఫ్ వద్దంటాడు. ఆ త్యాగాన్ని పుచ్చుకోడు. 'ఇది సరికాదు' అని తన భూతం వైపు తిరిగి, స్నేహితురాలంటే కట్టేసుకునేది కాదనీ, ఆమె కలలు ఆమెవనీ తనకి తానే చెప్పుకుంటాడు. అలా చెప్పుకుంటుంటే ఆ వేల రాల్ఫులూ కరిగిపోతాయి. నాకు తెలిసి పిల్లల సినిమాల్లో ఇంత ధైర్యమైన ముగింపు అరుదు. రాక్షసుణ్ణి కత్తితో చంపితే బోలెడు సినిమాలు. మన ప్రేమలోనే రాక్షసుడున్నాడని చెప్పి, పిల్ల చేసే త్యాగం పుచ్చుకోవద్దని పెద్దవాళ్ళకి చెప్పే సినిమాలెన్ని? పిల్ల ఏడ్చిందంటే, ఏడవనివ్వండి. ఏడేళ్ళ పిల్లకి ఈ సినిమా పాఠం తర్వాతెప్పుడో పనికొస్తుంది. ఇప్పుడు పనికొచ్చేది దాని నానమ్మకీ, నాకూ.

నాకూ అని ఎందుకన్నానో చెప్పేస్తాను. చెప్పకుండా ఊరుకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు.

కిందటేడు మేలో మా అమ్మాయికి జర్మనీలో సీటొచ్చింది. ఆ కాగితం చూపిస్తున్నప్పుడు దాని చేతులు వణికాయి. నేను పాయసం చేశాను. చేస్తూనే, గరిటె తిప్పుతూనే, ఎలా ఆపాలా అని ఆలోచించాను. నేరుగా వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి సభల్లో మాట్లాడేదాన్నాయె! అంచేత రాల్ఫ్‌లాగే దొడ్డిదారి చూసుకున్నాను. సినిమాలో ఆ వైరస్ చేసే పనేమిటంటే, ఎక్కడ బలహీనత ఉందో వెతికి పట్టుకుని దాన్నే వెయ్యింతలు చెయ్యడం. మా అమ్మాయి బలహీనత ఎక్కడుందో కన్నతల్లిని, నాకు తెలీదూ? దాని నానమ్మ. మిర్యాలగూడలో మా మరిది దగ్గరుంటారు మా అత్తగారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. నేను మా వదినకి ఫోన్ చేశాను. అవును, ఈ వదినకే! 'అమ్మకి ఈ మధ్య ఒంట్లో ఏమీ బాగుండటం లేదని మీరోసారి పిల్లతో అనండి' అన్నాను. ఆవిడ బ్రహ్మాండంగా అంది. 'ఎన్నాళ్ళుంటుందో' అని రెండు మాటలు ఎక్కువే చేర్చింది.

పిల్ల రెండు వారాలు వీసా కాగితాలు ముట్టుకోలేదు. సరిగ్గా అన్నం తినలేదు. ఒక రాత్రి నా పక్కన కూచుని, "ఈ ఏడాదికి మానేస్తానులే అమ్మా" అంది. నేనేం చేశానో తెలుసా? దాని తల నిమిరాను. లోపల మాత్రం, అమ్మయ్య, అనుకున్నాను. ఆ 'అమ్మయ్య' ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

నాలుగోరోజున అది భోజనం చేసి, కంచం కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది. "నానమ్మతో మాట్లాడాను. మేడ మీద గుమ్మడి వడియాలు పెడుతోందిట. నాకు ఓ డబ్బా పంపిస్తానంది."

అంతే. అరవలేదు, నిలదీయలేదు. పంపు కట్టేసి గదిలోకెళ్ళిపోయింది. వారం రోజులు మా ఇంట్లో విమానాల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆ వారంలోనే అది వీసా కాగితాలన్నీ పూర్తి చేసుకుంది. ఎనిమిదోరోజున నేను దాని గదిలోకి వెళ్ళి, తప్పు చేశానని చెప్పాను. సినిమాలోలాగా అంత అందంగా చెప్పలేదు. బీపీ అనీ, ఒంటరితనమనీ ఏవేవో సాకులు కలిపి గజిబిజిగా చెప్పాను. అది విని, "సరే అమ్మా, ఆ పెద్ద పెట్టె జిప్పు సరిగా పడటం లేదు, ఓసారి చూడు" అంది. నన్ను క్షమించిందో, జిప్పు గురించే చెప్పిందో నాకిప్పటికీ తెలియదు.

మీలో కొందరంటారు. 'బాగానే ఉందమ్మా, పిల్లలంతా ఎగిరిపోతే ఇక్కడ మిగిలిన ముసలివాళ్ళ గతేమిటి?' అని. ఆ ప్రశ్నని నేను తీసిపారెయ్యను. తెల్లవారుజామున ఎయిర్‌పోర్టు నుంచి మా ఇంటికి తిరిగొచ్చి, కొడుకు విడిచిన చొక్కా మడత పెడుతూ కూచున్న తల్లుల్ని నేను చూశాను. ఆ బాధ బాధే. కానీ ఒక్కటి గమనించండి. ఆ బాధకి బాధ్యత ఎవరి నెత్తిన పెడుతున్నాం? కొడుకు వెళితే మనం బాధని మింగి, గర్వాన్ని నలుగురికీ చెప్పుకుంటాం. కూతురు వెళితే గర్వాన్ని మింగి, బాధని చెప్పుకుంటాం. దొంగతనం అక్కడుంది. చిలుకూరు బాలాజీని చూడండి. వీసాల దేవుడని పేరు. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. మా వదిన రెండో కొడుకు వీసా కోసం ఆ 119 ప్రదక్షిణలూ తానే చేసింది, మోకాళ్ళ నొప్పులతో. మా అమ్మాయి వీసా కోసం ఎవరైనా 11 చేశారేమో కనుక్కుందామంటే, మొదటి అనుమానితురాల్ని నేనే!

సినిమా కూడా రాల్ఫ్‌ని గాలికి వదిలెయ్యదు. కొట్టుకి తిరిగొచ్చాక అతను మూల కూచుని కుమిలిపోడు. మిగతా ఆటలవాళ్ళతో కలుస్తాడు, తనకంటూ నాలుగు పనులు కల్పించుకుంటాడు. ఆరేళ్ళపాటు ఒక్క పిల్ల చుట్టూనే తిరిగిన మనిషికి చుట్టూ ఇంతమంది ఉన్నారని అప్పుడు తెలుస్తుంది. మనకీ అంతే. పిల్లలే లోకమని ఇరవయ్యేళ్ళు గడిపేసి, ఆ లోకం బయల్దేరేసరికి ప్రాణం పోయినట్టుంటుంది. తప్పు వాళ్ళ కాళ్ళది కాదు, మన లెక్కది. మా అమ్మాయి వెళ్ళిన నెలకి నేను అటకెక్కించిన వీణ దింపాను. ఇరుగుపొరుగుకి అదొక కష్టమే అనుకోండి, వాళ్ళు విమానాలకి అలవాటుపడ్డవాళ్ళు కనక ఓర్చుకుంటున్నారు.

సినిమాతో నాకు పేచీ లేదా అంటే, ఉంది. చివర్లో ఆ మాటామంతీ మరీ హాయిగా చూపించారు. ఫోన్‌లో మొహం కనిపిస్తే దూరం తీరిపోతుందనడం అబద్ధం. మా అమ్మాయి ఆదివారం ఫోన్‌లో కనిపిస్తుంది. దానికి జలుబు చేసిందని గొంతు విని తెలుస్తుంది గానీ, నుదురు పట్టుకుని చూడలేను. ఆ వెలితిని సినిమా కాస్త పంచదార పూసి చూపించింది. కానీ వెలితి ఉంది కాబట్టి పిల్లని ఆపెయ్యాలా? వెలితిని భరించడం పెద్దవాళ్ళ పని. దాన్ని పిల్లల మెడకి కట్టడం పెద్దవాళ్ళ పని కాదు.

ఆ రాత్రి పన్నెండున్నరకి అందరం ఎయిర్‌పోర్టుకెళ్ళాం. టికెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వరు కదా, గుమ్మం దగ్గరే ఆగిపోయాం. గార్డు కాగితాలు చూసి పంపాక, అద్దాల వెనక మావాడి వీపు కనిపించినంతసేపూ మా వదిన చెయ్యి ఊపుతూనే ఉంది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. పిల్లలు అంతే, చూడరు. చూడకపోవడమే మంచిది. తిరుగు దారిలో కారులో మనవరాలు నిద్రపోయాక, చాలాసేపటికి వదిన నెమ్మదిగా అంది. "ఆ ఫోన్ విషయం... పాపం, ఆ పిల్లకి నా మీద కోపముందా?"

"నా మీద ఉండాలి వదినా, మీ మీద ఎందుకు?" అన్నాను.

"ఈ ఆదివారం ఫోన్ చేస్తే నాకోసారి ఇవ్వు" అంది. ఇంకేం అనలేదు. నేనూ పొడిగించలేదు.

చదువుతున్న మీలో ఎదిగిన ఆడపిల్లలున్న తల్లులకి ఒక్క మాట. రేపు మీ అమ్మాయి ఏ బెంగుళూరుకో, బెర్లిన్‌కో వెళ్ళాలనుకుని, ఓ రాత్రి మీ పక్కన కూచుని 'సరేలే అమ్మా, ఉండిపోతాను' అంటే, నాలాగా తల నిమిరి ఊరుకోకండి. ఎందుకు ఉండిపోతున్నావని అడగండి. తనకిక్కడ నచ్చిన పని ఉండో, నచ్చిన మనిషి ఉండో, ఈ ఊరంటే ఇష్టం ఉండో ఉండిపోతే ముద్దు పెట్టుకుని ఉంచుకోండి. ఆ జవాబులో మీ బీపీ ఉంటే, మీ మోకాళ్ళుంటే, మీ ఒంటరితనం ఉంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ బొమ్మల సినిమాలో చదువూ సంధ్యా లేని, మేడలు విరగ్గొట్టుకునే మొరటు మనిషి ఆ మాత్రం చెయ్యగలిగాడు. మనం చెయ్యలేమా?

అన్నట్టు, మా ఇల్లు శంషాబాదులోనే. ముందురోజు సాయంత్రం అమ్మాయితో సహా వచ్చెయ్యండి. భోంచేసి వెళ్దురుగాని. కాటా కూడా ఉంది.